పెనుగొలను వాళ్ళ బండి

పోయిన వేసవిలో ఒక ఉదయం, మా అపార్టుమెంటు సెల్లార్లో పై అంతస్తు కుర్రాడి మోటారుసైకిలు పక్కనుంచి నడుస్తూ ఆగిపోయాను. హ్యాండిల్ కుడివైపు ఉండే చిన్న బ్రేకు ఆయిలు డబ్బీ కింద, పెట్రోలు ట్యాంకు మీద, నల్లరంగు బొబ్బలెక్కి ఉంది. వేలితో తాకితే పొరలాగా ఊడి వచ్చింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదానికీ స్పిరిటుకీ మధ్య ఎక్కడో ఉండే ఆ వాసన పాతికేళ్ళ తరువాత కూడా నన్ను గుర్తుపట్టింది. పైకి వెళ్ళి ఆ అబ్బాయికి చెప్పాను. "డబ్బీ కారుతోంది బాబూ, ఈరోజు దాన్ని నడపకు" అన్నాను. అతను నవ్వి, "మీకెలా తెలుసు ఆంటీ?" అన్నాడు. సాయంత్రానికల్లా షోరూము వాళ్ళు పాత డబ్బీని లివరుతో సహా తీసేసి కొత్తది బిగించి పంపించేశారు. అతను ఆ సంగతి ఆ పూటకే మరిచిపోయి ఉంటాడు. నాకు మాత్రం అప్పటినుంచి తిరువూరు మనసులోంచి కదలడం లేదు.

తిరువూరులో మా నాన్న షెడ్డూ మా ఇల్లూ ఒకే స్థలంలో ఉండేవి. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో గోనెపట్టాలు కలిపి కుట్టిన పరదా. పరదాకి ఇవతల మా అమ్మ రాజ్యం, అవతల నాన్నది. నాన్న పేరు సుభాని. రోడ్డు మీద అందరికీ "సుభాని షెడ్డు" అంటే తెలుసు. పొద్దున్నే అమ్మ ఇంటి ముందు నీళ్ళు చల్లేటప్పుడు షెడ్డు ముందు కూడా చల్లేది, అక్కడ మట్టి ఆయిలు తాగి తాగి నల్లగా గట్టిపడిపోయి నీళ్ళు నిలిచేవి కావు, ముత్యాల్లాగా జారిపోయేవి. నాన్న బట్టలకు వేరే తీగ, వేరే సబ్బు, వేరే బకెట్టు. మధ్యాహ్నం అన్నానికి వచ్చేముందు ఆయన రంపపుపొట్టుతో చేతులు రుద్దుకుని, తరువాత సబ్బుపొడితో రుద్దుకుని, మళ్ళీ నిమ్మచెక్కతో రుద్దుకుని, కంచం ముందు కూర్చున్నాక వేళ్ళు ఒకసారి వాసన చూసుకునేవాడు. అప్పటికీ నచ్చకపోతే లేచి మళ్ళీ కడుక్కునేవాడు. అమ్మ అన్నం మీద పప్పుచారు పోసి ఎదురుచూస్తూ, "ఆ వాసన మాకు అలవాటేలెండి, కూర్చోండి" అనేది. ఆయన వినేవాడు కాదు.

నాన్నవాళ్ళ అమ్మను మేం దాదీమా అనేవాళ్ళం. ఆమెకు షెడ్డు వాసన పడేది కాదు. పరదా దగ్గరకు ఎప్పుడూ వచ్చేది కాదు కానీ షెడ్డులో జరిగే ప్రతి మాటా ఆమెకు తెలిసేది. వెనక గదిలో చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ముందు వచ్చిన బండి ఏ ఊరిదో, దాని యజమాని ఏ రకం మనిషో గొంతును బట్టి చెప్పేది. "గట్టిగా మాట్లాడేవాడు మంచివాడే. మెల్లగా మాట్లాడేవాడి దగ్గర నాన్నని జాగ్రత్తగా ఉండమను" అనేది నాతో. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ నుంచి వచ్చాక పరదా పక్కన పీట వేసుకుని, అటునుంచి వచ్చే వెలుగులో చదువుకునేదాన్ని. ఇంట్లో అంత వెలుతురు ఉన్న చోటు అదొక్కటే. అందుకని నా చదువంతా స్పానర్ల చప్పుడులోనే సాగింది.

ఆ బండి వచ్చింది మామిడికాయలు మార్కెట్టుకు వెళ్ళే రోజుల్లో. పెనుగొలను నుంచి వెంకటరామయ్య గారనే పెద్దరైతు, మనవడు శ్రీనుతో కలిసి దాన్ని తోసుకుంటూ తెచ్చారు. శ్రీను తండ్రి చిన్నప్పుడే పోతే, ఈ తాతే పెంచి పెద్దచేశాడు. శ్రీను పోలీసు ఎస్సై ఉద్యోగం సెలక్షన్లకు తయారవుతున్నాడని, రోజూ తెల్లారకముందే చేలగట్టు వెంట పరుగెత్తుతాడని తరువాత తెలిసింది. వాడు అడిగాడని ఆ ఏడు కాపు అమ్మిన వెంటనే తాత హైదరాబాదులో ఎవరి దగ్గరో చేతులు మారిన ఒక పెద్ద జపాను బండి కొని తెప్పించాడు. మా రోడ్డు మీద అటువంటిది ఎవరూ చూడలేదు. టీకొట్టులోంచి జనం గ్లాసులతో సహా లేచివచ్చారు. మామూలు బండ్లకు బ్రేకు వైరో రాడ్డో ఉంటుంది. కొత్తగా వస్తున్న కొన్ని బండ్లకు కుడివైపు ఒక ఆయిలు డబ్బీ ఉండేది. దీనికి రెండు వైపులా ఉన్నాయి, కుడివైపుది బ్రేకుకు, ఎడమవైపుది క్లచ్చుకు. రెండూ కారుతున్నాయి. ఎర్రటి ట్యాంకు మీద రెండు చోట్ల రంగు లేచిపోయి, కింద ఇనుము కనిపిస్తోంది.

"ఏమయ్యా సుభానీ, ఇది నీ చేత అవుతుందా, విజయవాడ పంపమంటావా?" అన్నారు వెంకటరామయ్య గారు. గొంతు బాగా గట్టిది. లోపల దాదీమా "ఇతను మంచివాడు" అంది.

నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, "విప్పి చూస్తేగానీ చెప్పలేనండి పెద్దయ్యా" అన్నాడు. విప్పడానికి ముందు ఒక తువ్వాలు నీళ్ళలో తడిపి ట్యాంకు మీద పరిచాడు. పక్కన బకెట్టుతో నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఆయిలు ఒక్క చుక్క రంగు మీద పడినా వెంటనే నీళ్ళతో కడిగేయాలి, లేకపోతే తినేస్తుంది. మూత స్క్రూలు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. వాటి తలల మీద చిన్న సుత్తితో మెల్లగా కొట్టి కొట్టి, తరువాత స్క్రూడ్రైవరు పెట్టి ఒక్క తిప్పుతో వదిలించాడు. లోపల ఆయిలు తేనెరంగు పోయి కాఫీ డికాషన్‌లా ఉంది. మూత కింద ఉండే మెత్తటి రబ్బరు పొర చీలింది. డబ్బీ పక్కన ఆయిలు ఎంతుందో కనపడే గుండ్రటి గాజుబిళ్ళను నాన్న "కన్ను" అనేవాడు, ఆ కన్ను చుట్టూ ఉన్న వాషరు ఎండి బీటలు వారింది. కుడివైపుది రబ్బరుది తప్పు, ఎడమవైపుది కన్నుది.

రబ్బర్లకోసం నాన్న విజయవాడ ఆటోనగర్ వెళ్ళివచ్చాడు. కుడివైపు డబ్బీకి సరిపడ్డ రబ్బరు దొరికింది. క్లచ్చు డబ్బీ కంటికి వాషరు దొరకలేదు, తెప్పిస్తామన్నారు. నాన్న పాత ఆయిలంతా తీసేసి, డబ్బీలను గుడ్డతో తుడిచి, కొత్తది పోసి, గాలి తీయడం మొదలుపెట్టాడు. శ్రీను లివరు నొక్కిపట్టుకుంటే నాన్న కింద చక్రం దగ్గర గాలి తీసే నిపిల్ వదులు చేసేవాడు. సన్నటి గొట్టంలోంచి సీసాలోకి బుడగలు వచ్చేవి. "వదులు. నొక్కు. పట్టుకో." బుడగలు ఆగిపోయేదాకా ఆ మూడు మాటలే. వెంకటరామయ్య గారు బల్ల మీద కూర్చుని, పంచె మడిచి మోకాళ్ళ మీద పెట్టుకుని, మనవడి చేతినే చూస్తూ ఉన్నారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. బండిని కాదు, వాడి చేతిని చూస్తున్నారు.

శ్రీనుకు తొందర. "కన్ను కొంచెం చెమ్మగిల్లుతుంది, వాషరు వచ్చేదాకా బండి ఇక్కడే ఉంచు" అన్నాడు నాన్న. "క్లచ్చే కదా సుభాని గారూ, బ్రేకు కాదు కదా. వాషరు వచ్చాక కబురు చెయ్యండి, తెస్తాను" అన్నాడు శ్రీను. నాన్న కాసేపు తటపటాయించి సరేనన్నాడు. "తగ్గితే ఈ డబ్బాలో ఆయిలే పోసుకో. ఇంకేదీ పోయొద్దు" అని మిగిలిన ఆయిలు డబ్బా అతని చేతికి ఇచ్చాడు. అప్పటికి పెద్దాయన రోడ్డు దాటి మందుల షాపులోకి వెళ్ళి ఉన్నారు. శ్రీను డబ్బా బల్ల మీద పెట్టి బండి స్టార్టు చేశాడు. ఆ శబ్దానికి జనం మళ్ళీ మూగారు. ఆ సందడిలో డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. నాన్న చూసేసరికి బండి వెళ్ళిపోయింది. "మళ్ళీ వస్తాడుగా, అప్పుడిద్దాం" అని పైన చెక్క మీద పెట్టాడు.

మళ్ళీ రాలేదు. వినగడప దగ్గర మలుపులో ముందు చక్రం పట్టేసి శ్రీను పడిపోయాడని కబురు వచ్చింది. బండి కుడికాలి మీద పడి చాలా దూరం ఈడ్చుకుపోయింది. విజయవాడ ఆసుపత్రిలో కాలు నిలబెట్టారు గానీ మోకాలు ఇక వంగదన్నారు. కబురు తెచ్చిన మనిషి షెడ్డు బయటే నిలబడి చెప్పి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. నాన్న చేతిలో ఏదో స్పానరు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కున్నాడు, కంచం ముందు కూర్చున్నాడు, లేచి మళ్ళీ కడుక్కున్నాడు, మళ్ళీ కూర్చుని లేచిపోయాడు.

ఆ తరువాతి రోజులు ఎలా ఉండేవంటే, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది, నాకు చదువుకోవడానికి ఏ అడ్డూ ఉండేది కాదు, అందుకే చదవలేకపోయేదాన్ని. బండ్లు రావడం మానేశాయి. ఎప్పుడూ వచ్చే గంపలగూడెం ఆర్‌ఎంపీ డాక్టరు కూడా మా ముందునుంచే తల తిప్పకుండా వెళ్ళి, అవతలి వీధిలో వేరే మెకానిక్కు దగ్గర ఆగాడు. టీకొట్టులో ఒకాయన "వాళ్ళ చేతికిస్తే అంతే" అన్నాడని అమ్మ విని వచ్చింది. 'వాళ్ళ' అనే మాట మా నాన్న గురించి అంతకుముందు ఎవరూ అనగా మేం వినలేదు. ఆయన ఆ రోడ్డు మీద ఎప్పుడూ 'మన సుభాని'. అమ్మ ఆ మాట వెనక గదిలో దాదీమాకు చెప్పింది గానీ నాన్నకు చెప్పలేదు. ఆయనకు చెప్పినవాళ్ళు వేరే ఉన్నారు.

నాన్న పెనుగొలను వెళ్ళి, పశువుల కొట్టం పక్కన పడేసిన బండిని చూసి వచ్చాడు. పనివాళ్ళు తప్ప ఇంట్లో ఎవరూ లేరు, అందరూ ఆసుపత్రిలోనే ఉన్నారు. అక్కడే బ్రేకు డబ్బీ మూత విప్పి, లోపలి రబ్బరు పొరను తీసి కాగితంలో చుట్టి తెచ్చాడు. అది మా వంటగది గడప మీద విప్పి అమ్మకు చూపించాడు. తను వేసిన కొత్త రబ్బరే, కానీ నీళ్ళలో నానిన అప్పడంలా ఉబ్బి, మెత్తబడి, ఆకారం తప్పిపోయింది. "బ్రేకు ఆయిలుకు ఇలా అవ్వదు. ఎవరో మామూలు ఇంజనాయిలు పోశారు. ఇంజనాయిలు ఈ రబ్బర్లకు విషం. లోపల ఉన్నవి కూడా ఇలాగే ఉబ్బి ఉంటాయి. నొక్కిన బ్రేకు ఇక వెనక్కి రాదు, పట్టేసి ఉండిపోతుంది" అన్నాడు.

"మరి వెళ్ళి చెప్పండి" అంది అమ్మ.

"ఎవరు పోశారో ఏమో."

"ఎవరైతే మనకెందుకు? మీరు కాదని తెలియాలి కదా. షెడ్డు తలుపు తీసి కూర్చుంటే ఈగలు వస్తున్నాయి."

వెనక గదిలోంచి దాదీమా పిలిచింది. నాన్న వెళ్ళి చాప పక్కన గొంతుకూర్చున్నాడు. "నిజం చెప్పాల్సిందే బేటా. కానీ ఎవరి ముందు చెప్తున్నావో చూసుకో" అంది. నాన్న తల ఊపాడు. విన్నాడనే అనుకున్నాను.

ఆ ఆదివారం అమ్మ నన్ను తోడు పంపింది, ఆడపిల్ల పక్కనుంటే ఎవరూ మాట తూలరని. బస్సులో నాన్న ఆ కాగితం పొట్లాన్ని జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. వెంకటరామయ్య గారి ఇంటి వరండాలో మనుషులు చాలామంది ఉన్నారు, శ్రీను సంగతి పలకరించడానికి వచ్చినవాళ్ళు. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆ కొన్ని రోజుల్లోనే గొంతు తగ్గిపోయింది. శ్రీను వాళ్ళమ్మ సులోచనమ్మ గారు ఆరోజే ఆసుపత్రి నుంచి బట్టలకోసం వచ్చిందట, గుమ్మంలో నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే అందరి మాటలూ ఆగిపోయాయి. "ఎందుకొచ్చావయ్యా ఇంకా?" అన్నాడు ఎవరో వెనకనుంచి.

ఆ మాట నాన్నను తాకిందనుకుంటాను. పెద్దాయనను పక్కకు పిలవవచ్చు. రేపు వస్తానని వెనక్కి తిరగవచ్చు. ఆయన అక్కడే, అందరి మధ్యా, పొట్లం విప్పి అరుగు మీద పెట్టాడు.

"ఇది నేను వేసిన రబ్బరు. కొత్తది. మామూలు ఆయిలు తగిలితేనే ఇలా ఉబ్బుతుంది. నేను అది పోయలేదండి. నా పిల్ల మీద ఒట్టు. ఇంట్లో ఎవరైనా పోశారేమో కనుక్కోండి."

పెద్దాయన వంగి ఆ రబ్బరు ముక్కను చూశారు. చేతిలోకి తీసుకుని నొక్కి చూశారు. నూనె వేలికి అంటింది. ఆ వేలిని పంచెకు తుడుచుకోబోయి ఆగిపోయారు.

"నేనే పోశాను" అన్నారు.

గుమ్మంలో సులోచనమ్మ గారు కదిలింది. ఆయన ఆమెవైపు చూడలేదు, నాన్నతోనే చెప్పారు. "ఎడమవైపు దాంట్లో తగ్గింది, గాజులోంచి కనపడింది. ట్రాక్టరుకు తెచ్చిన ఆయిలు ఉంది కదా అని రెండింట్లోనూ నిండా పోశాను. నువ్వు పోస్తుంటే చూశాను కదా, స్క్రూలు విప్పి, మళ్ళీ బిగించాను. వాడికి చెప్పలేదు. పొద్దున్నే పరుగుకు పోయేవాడు, మళ్ళీ తిరువూరు దాకా ఎందుకు తిప్పడం అని. ఆయిలు ఆయిలే కదా అనుకున్నాను."

సులోచనమ్మ గారు అరవలేదు, ఏడవలేదు. "ఇన్నాళ్ళూ ఆయన్ని తిడుతుంటే మీరు వింటూ కూర్చున్నారా మామయ్య గారూ?" అని మాత్రం అడిగింది.

"నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకి వరండాలో జనం ఒక్కొక్కరూ లేచారు. వెళ్ళేవాళ్ళలో ఒకరిద్దరు నాన్న భుజం తట్టారు. పెద్దాయన భుజం ఎవరూ తట్టలేదు. బస్సు ఎక్కాక నాన్న, "దాదీమా ముందే చెప్పింది" అన్నాడు. కిటికీలోంచి మామిడితోటలు వెనక్కి పోతున్నాయి.

వారం తిరగకముందే మా షెడ్డు ముందు బండ్లు నిలబడ్డాయి. డాక్టరు గారు కూడా వచ్చి ఏమీ జరగనట్టే "సుభానీ, చెయిను చూడు" అన్నాడు. టీకొట్టాయన టీ పంపించాడు. అమ్మ మొహంలో కళ వచ్చింది. కానీ పెనుగొలను నుంచి వచ్చే ప్రతి మనిషీ ఏదో ఒక ముక్క మోసుకొచ్చేవాడు. శ్రీను ఇంటికొచ్చాడట, తాతతో మాట్లాడటం లేదట. కోడలు అన్నం వడ్డించి పక్కన పెట్టి వెళ్ళిపోతుందట, తిన్నారా అని అడగదట. పొలంలో కూలీలు కూడా ఆయన వెనక నవ్వుకుంటున్నారట. ఊళ్ళో ఎవరైనా ఏదైనా పాడుచేస్తే "వెంకటరామయ్య గారి వైద్యం" అనే మాట పుట్టిందట. నాన్న ఈ మాటలు వింటూ తల ఎత్తకుండా పనిచేసేవాడు. సాయంత్రం లోపలికి వచ్చాక అమ్మ ఏదైనా అడిగితే విసుక్కునేవాడు. అమ్మ కూడా ఒకరోజు సహనం పోయి, "మీరేమైనా అబద్ధం చెప్పారా? ఎందుకు దొంగలా తిరుగుతారు ఇంట్లో?" అంది. దాదీమా మాత్రం ఆ తరువాత ఆ సంగతే ఎత్తలేదు. నేను ముందే చెప్పాను కదా అని ఒక్కసారి కూడా అనలేదు. అది నాన్నకు ఇంకా కష్టంగా ఉండేదనుకుంటాను.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం షేర్ ఆటోలోంచి వెంకటరామయ్య గారు మా షెడ్డు ముందు దిగారు. ఒక్కరే. గొడుగు ముడిచి, బల్ల మీద కూర్చున్నారు. నాన్న లేచి నిలబడ్డాడు. పరదా పక్కన నేను పుస్తకం మూసేశాను.

"ఏం లేదయ్యా. ఆ డబ్బాలు ఒకసారి చూపించు. ఏది ఏదో తెలుసుకుందామని."

నాన్న చెక్క మీదనుంచి ఒక్కొక్కటే దించి ఆయన ముందు పెట్టాడు. ఇంజనాయిలు, బ్రేకు ఆయిలు, గ్రీజు. పెద్దాయన ఒక్కోదాని మూత తీసి వాసన చూశారు. బ్రేకు ఆయిలు చుక్క వేలి మీద వేసుకుని మరో వేలితో రుద్దారు. "ఇంత తేడా ఉంది. వాసన చూసినా తెలిసేది" అన్నారు.

నాన్న ఆయన ఎదురుగా నేల మీద గొంతుకూర్చున్నాడు. "పెద్దయ్యా, ఆరోజు మీకిద్దామన్న డబ్బా ఇదే. అబ్బాయి బల్ల మీద మరిచిపోయి వెళ్ళాడు. నేను వెనకనుంచి పిలవలేదు, మనిషితో పంపలేదు. ఈ మాట నేను మీ వరండాలో చెప్పలేదు. ఇంకోటి, అసలు ఆ రబ్బరు సంగతి మీ ఒక్కరితోనే చెప్పాల్సింది. పక్కకు పిలిచి చెప్పాల్సింది. అందరి ముందూ పెట్టాను."

వెంకటరామయ్య గారు ఆ డబ్బా మూత మళ్ళీ బిగించారు. రేకుల మీద వాన చప్పుడుకి ఆయన మాట సరిగా వినపడక నేను పరదా దగ్గరకు జరిగాను.

"నా ఒక్కడితోనే చెప్పావనుకో. నేను ఇంట్లో చెప్పేవాణ్ణనుకున్నావా?" అన్నారు. "చెప్పేవాణ్ణి కాదు సుభానీ. వాడి మొహం చూసి చెప్పగలిగేవాణ్ణి కాదు. నీకేదో ఇచ్చి నోరు మూసుకోమనేవాణ్ణి. ఊరంతా నిన్ను తిడుతుంటే నేనూ ఒక మాట కలిపేవాణ్ణి. ఇన్ని రోజులుగా మంచం మీద పడుకుని అదే ఆలోచిస్తున్నా. నువ్వు చేసింది తప్పని అనుకుందామని చూశాను. కుదరలేదు. ఒప్పని అనుకుందామని కూడా చూశాను."

ఆ రెండోదాని సంగతి ఏమైందో ఆయన చెప్పలేదు, నాన్న అడగలేదు. అమ్మ లోపలినుంచి టీ పంపింది. పరదా దాటి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన గ్లాసు అందుకుని, "నువ్వూ వచ్చావుగా ఆరోజు" అన్నారు. ఔనన్నాను. "బాగా చదువుకో" అన్నారు.

ఆ తరువాత ఆయన రావడం అలవాటైంది. సంత రోజున వచ్చేవారు, బల్ల మీద కూర్చునేవారు. ఒక్కోసారి ఏమీ మాట్లాడేవారు కాదు. నాన్న పని చేసుకుంటూ ఉండేవాడు, ఆయన చూస్తూ ఉండేవారు. "ఇంట్లో పలికేవాళ్ళు లేరయ్యా, ఇక్కడైతే కనీసం చప్పుడుంటుంది" అన్నారు ఒకసారి. ఆయన వచ్చిన రోజు నాన్నకు మధ్యాహ్నం అన్నం సరిగా దిగేది కాదు. రావద్దని అనలేడు, వచ్చినప్పుడు ఓర్చుకోలేడు. అమ్మకు కోపం వచ్చేది, "ఆయన మనల్ని క్షమించడానికి వస్తున్నాడా, శిక్షించడానికి వస్తున్నాడా?" అనేది. దాదీమా, "కూర్చోవడానికి వస్తున్నాడు, కూర్చోనియ్" అనేది.

మరుసటి ఎండాకాలంలో ఒకరోజు శ్రీను వచ్చాడు. వెనక రెండు అదనపు చక్రాలు బిగించిన స్కూటరు మీద, కుడికాలు కర్రలా ముందుకు చాపుకుని. షెడ్డు ముందు ఆపి, దిగకుండా అలాగే ఉన్నాడు. మనిషి లావెక్కాడు, ముఖంలో వెనకటి చురుకు లేదు. ఇంజను ఆపలేదు. నాన్న చేతులు తుడుచుకుంటూ లేచాడు. శ్రీను నాన్నను చూసి తల ఊపి, బల్ల వైపు తిరిగాడు. "ఎండ ఎక్కువైంది. పద తాతా" అన్నాడు. వెంకటరామయ్య గారు లేవడానికి ప్రయత్నించి మొదటిసారి లేవలేకపోయారు. నాన్న చేయి ఇచ్చాడు. స్కూటరు వెనక కూర్చున్నాక ఆయన ఒక చేయి మనవడి భుజం మీద వేయబోయి, కాసేపు గాలిలోనే ఉంచి, చివరికి సీటు కడ్డీ పట్టుకున్నారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా నాన్న ఎండలోనే నిలబడి ఉన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా తరువాత మాటలు ఎంతవరకు కలిశాయో మాకు సరిగా తెలియదు. పెద్దాయన పోయినప్పుడు కబురు వచ్చింది, శ్రీనే మనిషిని పంపాడు. నాన్న వెళ్ళి వచ్చి, వంగని కాలితోనే శ్రీను పాడె మోశాడని మాత్రం చెప్పాడు.

నాన్నలో ఒక మార్పు మిగిలిపోయింది. ఆ తరువాత ఎవరి బండిలో ఏ చిన్న లోపం కనపడినా, ఆయన యజమానిని షెడ్డు పక్కకు, బాదంచెట్టు కిందికి తీసుకెళ్ళి చెప్పేవాడు. టైరు అరిగిందని చెప్పడానికి కూడా అంతే. "సుభాని రహస్యాలు" అని రోడ్డు మీద అందరూ నవ్వుకునేవాళ్ళు. మా పెళ్ళయ్యాక ఇంటికొచ్చిన నా భర్త కూడా నవ్వాడు, తన బండి చెయిను వదులైందన్న మాట చెవిలో చెప్పినందుకు. నేను నవ్వలేదు. ఆయన అలా పిలిచిన ప్రతిసారీ నాకు ఆ వరండా గుర్తొచ్చేది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద రేకుల షెడ్డు లేదు. కారే డబ్బీని బాగుచేయడమనే పనే దాదాపు పోయింది, మొత్తం తీసేసి కొత్తది పెడతారు, పాతదానికి ఏమైందో ఎవరూ చూడరు. అది మంచిదే కావచ్చు. లోపల ఏముందో చూసినవాడికి దాన్ని ఏంచేయాలో కూడా తేల్చుకోవలసి వస్తుంది. మనుషుల సంగతి కూడా అలాగే అయిందా అనిపిస్తుంది నాకు. ఇప్పుడు అందరి సంగతీ అందరి ముందే తేలిపోతుంది, ఫోనులో గ్రూపులో పెట్టేస్తారు, ఎవరినీ బాదంచెట్టు కిందికి పిలిచే ఓపిక ఎవరికీ లేదు. అలాగని పాతరోజులు గొప్పవని చెప్పడానికి నాకు నోరు రాదు. 'వాళ్ళ' అనే మాట నేను మొదట విన్నది ఆ పాతరోజుల్లోనే, మా ముందున్న టీకొట్టులోనే.

నాన్నకు జబ్బు చేసినప్పుడు విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక కారిడార్లో కుర్చీల్లో కూర్చున్నాం, మా చుట్టూ ఇంకా చాలామంది ఉన్నారు. అమ్మ కొంచెం అవతల, గోడకు ఆనుకుని, తస్బీ పూసలు తిప్పుకుంటోంది. డాక్టరు చాలా చిన్నవాడు, పనిలో మునిగినవాడు. తలుపు తీసుకుని బయటకు వచ్చి, ఫోనులో రిపోర్టు చూస్తూ, నాన్న పేరు గట్టిగా పిలిచి, నిలబడే చెప్పేశాడు. జబ్బు ఎక్కడిదాకా వెళ్ళిందో, ఇక ఏది చేసినా ప్రయోజనం లేదని, ఇంటికి తీసుకెళ్ళి ప్రశాంతంగా చూసుకోమని. పక్క కుర్చీల వాళ్ళు మావైపు చూసి, వెంటనే చూపులు తిప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, "ఇది ఇక్కడ చెప్పే మాటేనా సార్?" అనబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ వేళ్ళలో అప్పటికి బలం లేదు, అయినా కూర్చున్నాను.

"అతన్నేం అనకమ్మా. ఉన్నదే కదా చెప్పాడు" అన్నాడు.

డాక్టరు అప్పటికే ఇంకొకరి పేరు పిలుస్తున్నాడు. నాన్న నా చేయి వదలకుండానే, మెల్లగా మెడ తిప్పి, అమ్మ కూర్చున్న వైపు చూశాడు. తస్బీ ఆగిపోయి ఉంది. ఆ మాట విని ఆపిందో, పూసలన్నీ తిరిగి ముగింపుకు వచ్చి ఆపిందో మా ఇద్దరికీ తెలియలేదు. మేం అడగలేదు.